డైనమో వెనక నంబరు

ఆటో కింద పడుకున్న మనిషివి కాళ్లు తప్ప ఇంకేమీ కనబడలేదు. అందుకని స్పందన ముందు ఆ కాళ్లతోనే మాట్లాడింది.

"కొమురెల్లి అంటే మీరేనా అంకుల్?"

"నేనే బిడ్డా. జర ఆగు. ఇప్పుడు చెయ్యి కదిలిందంటే మొత్తం కరాబైతది."

కరాబయ్యేది ప్రింటు. బండి చేతులు మారినా, ఊరు మారినా, దాని చాసిస్ మీద కొట్టిన నంబరును కాగితం మీదికి ఎక్కించి దరఖాస్తుకు అంటించాలి. ఆర్టీవో ఆఫీసు పద్ధతి అది. నంబరు మీద పలచని కాగితం పరిచి, పెన్సిల్ ముక్కను పడుకోబెట్టి మెల్లగా రుద్దితే, కాగితమంతా నల్లబడి లోతుగా ఉన్న అంకెలు మాత్రం తెల్లగా మిగులుతాయి. చెబితే చిన్నపిల్లల ఆటలాగే ఉంటుంది. అట్లా అనుకునేవాళ్లు ఒకసారి మే నెలలో, అప్పుడే వచ్చి ఆగిన లారీ కింద పడుకొని చూడాలి. కొమురెల్లి ముప్పై ఏళ్లుగా కరీంనగర్ ఆర్టీవో ఆఫీసు గోడ పక్కన ఇదే పని చేస్తున్నాడు. తుప్పు తిన్న నంబర్లు, రంగు కింద దాగిన నంబర్లు, దొంగలు అరగదీసి మళ్లీ కొట్టిన నంబర్లు, అన్నీ ఆ వేళ్లకు తెలుసు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు సైతం అనుమానం వస్తే ఫైలు పక్కన పెట్టి "కొమురెల్లిని పిలువుండ్రి" అంటారు.

ఆయన బయటికొచ్చాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, నెరిసిన గడ్డం, చెవి మీద పెన్సిల్, వీపంతా దుమ్ము. ఎదురుగా ముప్పై ఏళ్లు దాటని అమ్మాయి. మెడలో ఏదో ఇంజనీరింగు కాలేజీ లెక్చరర్ కార్డు, చేతిలో గుడ్డ అట్ట వేసిన పాత ఆర్సీ బుక్కు.

"మా ఇంట్లో పాత కారుంది అంకుల్. రెండు సీట్లది, ఇంగ్లండుల చేసింది. అరవై ఏండ్లయింది. గిట్లాంటి పాత బండ్లకు ఇప్పుడు కొత్త రిజిస్ట్రేషన్ ఇస్తున్నరు కదా, దానికి పెట్టుకున్నం. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసిండు. బుక్కులో ఒక ఇంజన్ నంబరుంది, ఇంజన్ మీద ఇంకొకటుంది, కుదరదన్నడు. అసలు నంబరు ఉంటే గింటే మీరే పట్టుకోవాలె అని అందరూ అంటున్నరు."

కొమురెల్లి చేతులు ప్యాంటుకు తుడుచుకొని బుక్కు తీసుకున్నాడు. మొదటి పేజీలో పాతకాలపు సిరాతో రాసిన పేరు చదివాడు, ఊరు చదివాడు. లక్సెట్టిపేట. ఆయన బొటనవేలు ఆ ఊరి పేరు మీదే ఆగిపోయింది.

"మా ముత్తాత పేరు మీదున్నది. ఇప్పుడు మా తాత, లక్ష్మీకాంతరావు. అడ్రసు అదే" అంది స్పందన.

"ఎర్ర కారు" అన్నాడు కొమురెల్లి.

"అవు! మీకెట్ల తెలుసు? బుక్కుల రాసుందా?"

బుక్కులో రంగు రాసి ఉందో లేదో ఆయన చూడనే లేదు. "చిన్నప్పుడు చూసిన" అని మాత్రం అన్నాడు. "రేపొస్త. పొద్దుగాల బస్సుకు."

*

కోతిరాంపూర్‌లోని కొమురెల్లి రెండు గదుల ఇంట్లో సాయంత్రం నల్లా పైపు కారుతోంది. ముసలాయన రాజేశం గడప మీద కూర్చొని దాని పని పడుతున్నాడు. ఎనభై ఆరేళ్లు ఆయనకు. పొద్దున ఏం తిన్నాడో మధ్యాహ్నానికి గుర్తుండదు, కోడలు మంజులను ఒక్కోసారి చనిపోయిన భార్య పేరుతో రాజక్కా అని పిలుస్తాడు. చేతులు మాత్రం వణకవు. పాత సైకిలు ట్యూబు ముక్కను కత్తెరతో కత్తిరించి, నాలుగు మూలలనూ ఓపిగ్గా గుండ్రం చేస్తున్నాడు.

"గంత షోకెందుకు మామా, కట్టెయ్యరాదు?" అంది మంజుల.

"మూలలుంటే అక్కడికెల్లే లేస్తది బిడ్డా. గుండ్రం చేస్తె పదేండ్లన్న పట్టుకుంటది."

కొమురెల్లి చెప్పులు విడిచి, తండ్రిని దాటుకొని లోపలికి పోయాడు. ఎప్పుడైనా వస్తూనే "ఏం బాపు, తిన్నవా?" అనే మనిషి. ఈరోజు అనలేదు. మంజులకు అనుమానం రావడానికి అది చాలు. స్టవ్వు మీద చాయ పెట్టి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏమైంది?"

"దొర కారు. రేపు నంబరు తియ్యనీకి పోతున్న."

"ఏ దొర?"

"లక్సెట్టిపేట."

మంజుల చెంచా అట్లాగే పట్టుకొని నిలబడింది. ఆమె పెళ్లినాడు భోజనాల పంక్తిలో ఎవరో నవ్వుతూ "ఇంజన్ రాజేశం కొడుకు పెండ్లంటె మాటలా" అన్నారు. పిల్ల తరఫువాళ్లు అది ఏదో పనితనానికి వచ్చిన బిరుదనుకున్నారు. కాదని ఆమెకు నెల తర్వాత తెలిసింది. దొర దగ్గర డ్రైవరుగా ఉన్న రాజేశం, కారు చంద్రాపూర్‌లో రిపేరుకు పోయినప్పుడు అసలు ఇంజన్ అమ్ముకొని, వేరేది బిగించుకొచ్చాడని దాని అర్థం. ఆ పేరు రాజేశం వెంట లక్సెట్టిపేట నుంచి మంచిర్యాలకు, మంచిర్యాల నుంచి కరీంనగర్‌కు నడిచొచ్చింది. మనిషి ఊర్లు మారాడు గాని పేరు మారలేదు.

"పోకు" అంది మంజుల. "వేరే ఎవరినన్న తోలు."

"నేను చూస్త."

"చూస్తె ఏమైతది? నిజంగనే వేరే ఇంజన్ ఉంటే?" అడిగేసి, వెంటనే తలుపు వైపు చూసింది. ముసలాయన వినలేదు. "నీకేమనిపిస్తది? మామ తీసిండంటవా?"

కొమురెల్లి పొంగొస్తున్న చాయకు మంట తగ్గించాడు. "తెల్వదు" అన్నాడు.

"నలభై ఏండ్ల సంది ఒక్కపారి గూడ అడగలేదా?"

"ఏమని అడుగుతరు మంజులా? నువ్వు దొంగవా బాపు, అని అడుగుతరా?"

బయట రాజేశం పైపుకు రబ్బరు చుట్టి, దారంతో కట్టి, నల్లా తిప్పి చూశాడు. ఒక్క చుక్క కూడా కారలేదు. "రాజక్కా, అయిపోయింది సూడు" అని కేకేశాడు.

*

రాయపట్నం దగ్గర బస్సు గోదావరి వంతెన దాటుతుంటే కొమురెల్లి సంచిని ఒళ్లోకి తీసుకున్నాడు. సంచిలో పానాలు, ఎమరీ కాగితం, డీజిల్ సీసా, బనీను గుడ్డలు, పెన్సిళ్లు. నలభై ఏళ్లకు పైనే అయింది ఇటు రాక. బస్టాండు దగ్గర స్పందన స్కూటీ మీద ఎదురుచూస్తోంది.

కారు ఇంట్లో లేదు, రైసుమిల్లు వెనక గోదాంలో ఉంది. తౌడు దుమ్ము పట్టిన టార్పాలిన్ తీస్తే ఎర్రరంగు బయటపడింది. వెలిసిపోయినా ఎరుపే. కొమురెల్లి గుర్తులో అది ఇంతకు రెండింతలుంది. ఇప్పుడు చూస్తే నడుమెత్తు కూడా లేదు, దాంట్లో కూర్చోవాలంటే దిగబడాలి. ఇంత చిన్న బండి ఒక మనిషి బతుకునంతా తొక్కుకుంటూ పోయిందంటే నమ్మబుద్ధి కాలేదు.

లక్ష్మీకాంతరావు కర్ర ఊతంగా మెల్లగా వచ్చాడు. డెబ్బై ఆరేళ్లు. మిల్లు ఇప్పటికీ ఆయనే చూసుకుంటాడు. మంచివాడు, మర్యాదస్తుడు. వచ్చినవాడు ఎవరైనా సరే, ముందు కుర్చీ వేయించి చాయ తెప్పిస్తాడు. కొమురెల్లికీ అట్లాగే తెప్పించాడు.

"మా మనుమరాలికి చెప్పిన, వినదు. దీన్ల గోదావరి మీదికెల్లి ఒక్కసారి తిప్పుతదట నన్ను. ఇంజన్ అసలుది కాదు కొమురెల్లి. నువ్వేం చేసినా ఆ నంబరు రాదు."

"ఎట్ల కాదంటరు సార్?"

"మాకాడ ఒక డ్రైవరుండె, రాజేశమని. పనిల పెట్టింది పేరు, అబద్ధం చెప్పొద్దు. చంద్రాపూర్‌ల మూడు వారాలు బండి వాని చేతుల్నే ఉండె. తర్వాత అమ్ముదామని నాగపూర్ సేటుకు చూపెడితే, ఆయన మెకానిక్ బుక్కు పట్టుకొని ఇంజన్ చూసిండు. నంబరు వేరే. ఏం చేస్తం? పనిల నుంచి తీసేసినం. పోలీసులకు గూడ ఇయ్యలే మా నాయిన, పోనీ తీయమన్నడు."

ఆ మాటల్లో పగ లేదు, కసి లేదు. ఫలానా సంవత్సరం గోదావరికి వరదొచ్చింది అన్నట్టు చెప్పాడు. కొమురెల్లి చాయ గ్లాసు కింద పెట్టాడు. సగం చాయ అట్లాగే ఉంది.

"చూద్దాం సార్" అని బానెట్ ఎత్తాడు.

ముందు చాసిస్ నంబరు తీశాడు, అది తేలిక. ఇంజన్ పక్కన చట్రం మీద మట్టి గోకితే కనబడింది. కాగితం పరిచి రుద్దాడు. తెల్లగా, వరుసగా లేచాయి అక్షరాలూ అంకెలూ. స్పందన ఫోనులో పాత కార్ల సంఘం వాళ్ల పుస్తకం తెరిచి, ఒక్కొక్కటే చెప్పింది. మొదటి రెండు అక్షరాలు బండి రకం. తర్వాతి ఆర్ అక్షరం, స్టీరింగు కుడివైపు ఉందని. ఆ తర్వాతవి, ఫ్యాక్టరీ నుంచి ఎన్నో బండిగా బయటికొచ్చిందో ఆ వరుస. బుక్కులో ఉన్నదీ అదే.

"ఇంజన్‌ది ఎల్ అక్షరంతోని మొదలైతది అంకుల్. ఎల్ 41863. ఎల్ అంటే నాసి పెట్రోలు దొరికే దేశాలకు పంపే ఇంజన్ అట. పేలుడు జోరు తగ్గించి చేసిన్రట."

"మన పెట్రోలు సంగతి గప్పుడే తెలుసన్నట్టు వాళ్లకు" అన్నాడు కొమురెల్లి. స్పందన నవ్వింది. ఆయన నవ్వలేకపోయాడు.

ఇంజన్ దిమ్మ మీద, ఎవరైనా వంగితే చాలు కనబడేటట్టు, పెద్ద పెద్ద అంకెలున్నాయి. 306507. ఎల్ లేదు, నలభై ఒకటి లేదు. కొమురెల్లి వాటి మీద వేలు పెట్టాడు. వెంటనే తీసేశాడు. మళ్లీ పెట్టి, ఈసారి మెల్లగా అటూ ఇటూ జరిపాడు.

"బిడ్డా, చెయ్యి ఇటు తే. కండ్లు మూసుకొని చెప్పు. అంకెలు లోపలికున్నయా, బయటికున్నయా?"

స్పందన వేలు పెట్టింది. "బయటికి. ఉబ్బి ఉన్నయి."

"గదీ సంగతి. ఇది ఇంజన్ నంబరు కాదు, పోత నంబరు. ఇనుము కరిగించి పోసే అచ్చుల ఉన్న అంకెలు. ఆ అచ్చుల ఎన్ని వేల ఇంజన్లు పోస్తే అన్నిటికీ గదే ఉంటది. ఇంజన్ సొంత నంబరు వేరే ఉంటది. అది పుట్టినంక ఉలితోని కొడ్తరు, లోపలికుంటది."

"మరి ఇన్‌స్పెక్టర్ ఇదే రాసుకున్నడు కదా!"

"పెద్దగ కనవడితే గదే నంబరనుకుంటరు. ఆయన ఒక్కడే కాదు." నాగపూర్ మెకానిక్ కూడా అనబోయి ఆగాడు. అయినా తొందరపడటానికి ఏముంది? ఇది పోత నంబరే కావచ్చు. అసలు నంబరు దొరికేదాకా ఇంజన్ ఎవరిదో చెప్పడానికి లేదు. దొరికినా ఏ నంబరుంటుందో.

రెండు గంటలు వెతికాడు. దిమ్మ నలుదిక్కులా డీజిల్ గుడ్డతో తుడిచాడు, తడిమాడు. ఎక్కడా లేదు. మిగిలింది ఒక్కటే చోటు, డైనమో వెనక. డైనమో విప్పాలి. మూడు బోల్టులు. మూడూ తుప్పుతో ఒక్కటైపోయి ఉన్నాయి. బలం పెడితే తెగిపోతాయి.

"తెగ్గొడితే దిమ్మ పగులుతది. డీజిల్ పోసి పెడ్త, తాగనియ్యి. రేపు మల్లొస్త" అన్నాడు.

"ఎందుకింత కష్టం కొమురెల్లి? అది కాదని చెప్తిని కద" అన్నాడు లక్ష్మీకాంతరావు.

"అవునో కాదో ఇనుమే చెప్తది సార్" అన్నాడు కొమురెల్లి. కొంచెం గట్టిగానే అన్నాడు.

*

మరునాడు బస్సెక్కే ముందు తండ్రికి తలంటు పోశాడు. ఆదివారం పోయాల్సింది, గురువారమే పోశాడు. రాజేశం కళ్లు మూసుకొని కూర్చున్నాడు. వీపు ఎముకలన్నీ లెక్కపెట్టొచ్చు. సబ్బు రుద్దుతూ కొమురెల్లి ఒకసారి నోరు తెరిచాడు.

"ఏందిరా?" అన్నాడు రాజేశం, చేతులు ఆగినందుకు.

"ఏం లే బాపు. నీళ్లు వేడిగున్నయా?"

"మంచిగనే ఉన్నయి."

అంతే. ఇదీ వాళ్లిద్దరి మధ్య మామూలే. నీళ్ల గురించి, నల్లా గురించి, మందుల గురించి ఎంతసేపైనా మాట్లాడుకుంటారు.

గోదాంలో రాత్రంతా డీజిల్ తాగిన బోల్టుల్లో రెండు మర్యాదగానే తిరిగాయి. మూడోది మొండికేసింది. కొమురెల్లి దాన్ని తిట్టాడు, బతిమాలాడు, పానా మీద అరచేత్తో చిన్న చిన్న దెబ్బలు కొట్టాడు. పావుగంటకు కిర్రుమని లొంగింది. డైనమోను రెండు చేతులతో పక్కకు తీసి టార్చి వేయమన్నాడు.

దిమ్మకు అక్కడ ఒక చిన్న చదునైన అంచు ఉంది. అంచు మీద నంబరు లేదు. నల్లటి ముక్క ఏదో అతుక్కొని ఉంది.

"ఏందిది అంకుల్? ప్యాచా?" అంది స్పందన.

కొమురెల్లి గోటితో తడిమాడు. రబ్బరు, సైకిలు ట్యూబుది. వయసుకు ఎండి గట్టిపడింది గాని, ఎక్కడా లేవలేదు. నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి.

ఆయన కారు మడ్‌గార్డు పట్టుకొని అట్లాగే వంగి ఉండిపోయాడు. ఈ పని చేసిన చేతికి ఆయన పొద్దున్నే సబ్బు రుద్ది వచ్చాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. టార్చి వెలుతురు వాటిని ఎక్కడ చూపిస్తుందోనని తల ఇంకా కిందికి వంచాడు.

"అంకుల్?"

"ఏం లే బిడ్డా. నంబరుకు తుప్పు పట్టొద్దని ఎవరో కాపలా పెట్టిన్రు."

రబ్బరు ఒక మూల నుంచి మెల్లగా లేపాడు. కింద గట్టిపడిన గ్రీసు. గుడ్డకు డీజిల్ అద్ది తుడిచాడు. మొదటి తుడుపుకు ఒక గీత వచ్చింది, రెండో తుడుపుకు అక్షరం వచ్చింది. ఎల్. ఆ తర్వాత ఒక్కొక్కటీ. చుట్టూ ఇంజనంతా తుప్పుతో ఎర్రబారి ఉంటే, ఆ వేలెడంత చోటు మాత్రం నిన్న మొన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు తెల్లగా మెరుస్తోంది.

నాలుగు. ఒకటి. ఎనిమిది. ఆరు. మూడు.

స్పందన కేక పెట్టబోతే కొమురెల్లి చెయ్యెత్తి ఆపాడు. ముప్పై ఏళ్ల వృత్తి. నంబరు కలిసింది కదాని నమ్మేయడం ఆ వేళ్లకు అలవాటు లేదు. కలిసిన నంబర్లలోనే మోసం ఎక్కువ. పాత నంబరు అరగదీసి కొత్తది కొడితే ఆ చోటు కొంచెం గుంటపడుతుంది. ఫ్యాక్టరీ మిషను చదును చేసిన సన్నని గీతలు చెరిగిపోతాయి. కాగితం పరిచి, పెన్సిల్ పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టి రుద్దాడు. తండ్రి మీద కేసు తనే విచారిస్తున్నట్టుంది. తనకు తనే అసహ్యమనిపించింది, అయినా చెయ్యి ఆపలేదు.

కాగితం ఎత్తి వెలుతురుకు పట్టాడు. అంకెల మధ్యగా, అంచు ఈ చివర నుంచి ఆ చివరకు, సన్నని మిషను గీతలు ఎక్కడా తెగకుండా ఉన్నాయి. ఎవరూ అరగదీయలేదు. ఎవరూ మళ్లీ కొట్టలేదు.

"పిలువు మీ తాతను" అన్నాడు.

లక్ష్మీకాంతరావు కళ్లద్దాలు తుడుచుకొని, బుక్కు ఒక చేత్తో, ప్రింటు ఇంకో చేత్తో పట్టుకొని, అంకె పక్కన అంకె పెట్టి చూశాడు. రెండుసార్లు చూశాడు. తర్వాత వంగి, ఇంజన్ మీద తన వేలితోనే తడిమాడు. తెల్లచొక్కా చేతికి గ్రీసంటింది.

"అంటే... అసలు ఇంజన్ ఇదేనా?"

"ఇదే సార్. ఎక్కడికి పోలే. నాగపూరాయన చూసింది పోత నంబరు. అసలుది డైనమో వెనక, రబ్బరు కింద ఉండె."

"రబ్బరు ఎవరు పెట్టిన్రు?"

"మీ డ్రైవరు."

మిల్లులో బెల్టు తిరుగుతున్న చప్పుడు. స్పందనే అంది, "అయితే ఆయన ఏం తీయలేదు కద తాతా. ఊరికే తీసేసిన్రు ఆయనను."

"పాపం. ఎక్కడున్నడో ఏమో. ఉన్నడో లేడో" అన్నాడు లక్ష్మీకాంతరావు.

"ఉన్నడు సార్" అన్నాడు కొమురెల్లి. "కరీంనగర్‌ల, నా ఇంట్ల. మా బాపే."

లక్ష్మీకాంతరావు కర్ర చేతిలోంచి జారి నేల మీద పడింది. స్పందన తీసిచ్చినా అందుకోలేదు. కొమురెల్లి ముఖంలోకి తేరిపార చూశాడు.

"నిక్కరేసుకొని వచ్చి హారన్ కొట్టేటోనివి... నువ్వా?"

"నేనే."

"మరి నిన్న నేను అన్ని మాటలంటుంటే ఎందుకు ఊకున్నవ్? ఒక్క మాట అనకపోతివి!"

కొమురెల్లికి అబద్ధం చెప్పాలనిపించలేదు. "తీసిండో లేదో నిన్నటిదాకా నాకు గూడ తెల్వదు సార్."

లక్ష్మీకాంతరావు గోడ పక్కనున్న వడ్ల బస్తా మీద కూలబడ్డాడు. "ఆనాడు నేను గేటుకాడనే ఉన్న. వచ్చి నిలవడ్డడు రాజేశం. చేతులు కట్టుకొని నిలవడ్డడు. ముప్పై మూడేండ్లోన్ని నేను, చదువుకున్నోన్ని. ఏంది రాజేశం, ఏమైంది, అని ఒక్క మాట అడిగితే అయిపోయేది. అడగలే." చేతికంటిన గ్రీసును చూసుకున్నాడు. "ఒక్క మాట. అడగలే."

ఇట్లాంటి రోజు వస్తే అనడానికి కొమురెల్లి చిన్నప్పటి నుంచి ఎన్నో మాటలు కూడబెట్టుకున్నాడు. మా అవ్వ రాజక్క ఈ ఊరి సంతకు ముసుగేసుకొని వచ్చేది, తెలుసా? అనాలనుకున్నాడు. మా పెండ్లిల ఏమన్నరో తెలుసా? అనాలనుకున్నాడు. ఆ మాటలన్నీ నాలుక మీదికొచ్చి సిద్ధంగా నిలబడ్డాయి. కాని లక్ష్మీకాంతరావు అన్న ఆ "అడగలే" కొమురెల్లికీ తగిలి, వేటినీ బయటికి రానీయలేదు.

"నేనొస్త" అన్నాడు లక్ష్మీకాంతరావు లేవబోతూ. "ఇప్పుడే పోదాం. కారు తియ్యమను స్పందనా."

"రేపు రండ్రి సార్" అన్నాడు కొమురెల్లి, పానాలు సంచిలో వేసుకుంటూ. "ఇయ్యాల నాకు ఆయనతోని పనున్నది."

*

రెండు ప్రింట్లు తీశాడు. ఒకటి దరఖాస్తుకు. రెండోది చొక్కా జేబులో ఉంది. వచ్చేటప్పుడు బస్సులో మూడుసార్లు తడిమి చూసుకున్నాడు. ఇంటికి పోగానే తీసి బాపు చేతిలో పెట్టాలి, చూడు బాపు అనాలి, ఆయన ముఖం ఎట్లా వెలుగుతుందో చూడాలి. గోదావరి వంతెన మీద ఇదే అనుకున్నాడు. ధర్మారం దాటాక కూడా ఇదే అనుకున్నాడు. వాకిట్లోకి వచ్చి, గడప మీద కూర్చున్న తండ్రిని చూశాక కాళ్లు ఆగిపోయాయి.

కాగితం చూపించాక అడిగేదేముంది? అది కాగితాన్ని నమ్మినట్టు. బాపును నమ్మినట్టు కాదు.

జేబు దగ్గరికి పోయిన చెయ్యిని వెనక్కి తీసుకున్నాడు. వెళ్లి తండ్రి పక్కన, అదే గడప మీద, ఇరుకుగా కూర్చున్నాడు. లోపల మంజుల గిన్నెల చప్పుడు ఆపేసింది.

"తిన్నవా బాపు?"

"తిన్ననా?" అని లోపలికి చూశాడు రాజేశం. "తిన్ననట్టే ఉన్న."

"బాపు, ఒక మాట అడుగుత. కోపం చెయ్యొద్దు."

"అడుగు."

"లక్సెట్టిపేట దొర కారు ఇంజన్... నువ్వు మార్చినవా?"

రాజేశం వాకిలి వైపు చూశాడు.

"ఎవ్వలన్న వచ్చిండ్రా?" అన్నాడు.

"ఎవ్వలు రాలే. నేనే అడుగుతున్న."

"లే బిడ్డా. నేను మార్చలే."

"సరే బాపు."

"సరే అంటె?"

"నువ్వు మార్చలేదంటె మార్చలే. గంతే."

రాజేశం తల తిప్పి కొడుకును చూశాడు. మసకబారిన కళ్లు, దేన్నో పోల్చుకుంటున్నట్టు చాలాసేపు చూశాడు.

"డైనమో వెనక ఉంటది నంబరు" అన్నాడు. "నీళ్లు కారి తుప్పు పడుతదని రబ్బరు అతికించిన. గేటు లోపలికి రానిస్తే విప్పి చూపెట్టేటోన్ని. నాలుగు మాట్లు పోయిన. రానియ్యలే."

"మరి నాకన్న చెప్పకపోతివి బాపు! ఇన్నేండ్ల సంది ఒక్కింట్లనే ఉంటిమి కద!"

"నువ్వు అడగలే కద బిడ్డా." నిష్ఠూరం లేదు ఆ గొంతులో. నల్లా కారుతోంది అన్నంత మామూలుగా చెప్పాడు. "అడగంది చెప్తె దొంగ సాకులు చెప్పినట్టుంటది. అడిగినప్పుడు చెప్దమని ఊకున్న."

కొమురెల్లి చేతులతో ముఖం కప్పుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, గడప మీద కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చాడు. రాజేశం కంగారు పడలేదు. ఎండిన చేత్తో కొడుకు వీపు మీద తౌడు దుమ్ము దులిపాడు. దులుపుతూనే ఉన్నాడు.

"రేపు చిన్నదొర లక్ష్మీకాంతరావు వస్తడు బాపు, నీ కాడికి" అన్నాడు కొమురెల్లి కొంతసేపటికి.

"ఎందుకు?"

"అడగనీకి."

"ఇప్పుడా?" అన్నాడు రాజేశం. మంజుల లోపల్నుంచి నవ్విందో ఏడ్చిందో తెలియని చప్పుడొకటి చేసింది. ముసలాయన కొంచెం ఆలోచించాడు. "రానియ్యి. చాయ పెట్టుమని చెప్పు రాజక్కకు. ఆయనకు చెప్పు, నంబరు నాకింక యాదికున్నది."

"యాదికున్నదా?"

"ఎందుకుండదు? ఎల్ అక్షరం. నాలుగు. ఒకటి. ఎనిమిది. ఆరు. మూడు."

పొద్దున తిన్నది గుర్తుండని మనిషి, ఎక్కడా తడుముకోకుండా చెప్పాడు. కొమురెల్లి జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. కాగితం అక్కడే ఉంది. బయటికి తీయలేదు.

"మల్ల చెప్పు బాపు" అన్నాడు.

రాజేశం మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.